దొరగారి పలువరస

ఆయన్ని వీధిలో అందరూ పళ్ళాయన అనే పిలుస్తారు. ఆ మాట విని, కొత్తగా కాపురానికొచ్చినవాళ్ళెవరో సంచీ పట్టుకుని వచ్చి అరటిపళ్ళున్నాయా అని అడిగిన సందర్భాలు కూడా ఉన్నాయి. గుమ్మంలోంచి తొంగి చూస్తే బల్ల నిండా పైదవడలు, కిందిదవడలు, గులాబిరంగు చిగుళ్ళు, చిన్న చిన్న డబ్బాల్లో రంగుల వారీగా పోసిన పళ్ళు కనబడేవి. వచ్చినవాళ్ళు సంచీ మడుచుకుని వెళ్ళిపోయేవాళ్ళు. ఇంటి ముందుగదే ఆయన పనిచోటు. ముప్ఫై నాలుగేళ్ళుగా ఆ గదిలోనే కూర్చుని ఊళ్ళోవాళ్ళకు కట్టుడుపళ్ళు చేస్తున్నాడు.

చేస్తున్నది ఈయనేనని ఊళ్ళోవాళ్ళకు తెలియదు. ఆ వృత్తి తీరే అంత. పేషెంటు డాక్టరు దగ్గరికి వెళ్తాడు. డాక్టరమ్మ అతని నోట్లో అచ్చు తీస్తుంది. ఆ అచ్చు డబ్బాలో ఈయనకు చేరుతుంది. ఈయన అందులో ప్లాస్టరు పోసి, దవడలు తయారుచేసి, మైనం మీద ఒక్కొక్క పన్నే పేర్చి, ఉడకబెట్టి, అరగదీసి, మెరుగుపెట్టి పంపిస్తాడు. పేషెంటు అద్దంలో చూసుకుని మురిసిపోయి, డాక్టరమ్మ హస్తవాసే హస్తవాసి అనుకుంటూ ఇంటికి పోతాడు. కట్టుడుపళ్ళని ఎవరూ కనిపెట్టలేకపోతేనే పని బాగా కుదిరినట్టు. అంటే పళ్ళాయన ఎంత బాగా చేస్తే ఆయన ఊసు అంతగా మాయమైపోతుంది. దానికి తనకేం బాధ లేదని ఆయన అందరికీ చెప్పేవాడు. ఎవరూ అడక్కుండానే చెప్పేవాడు.

ఆయనకు పని వచ్చేది చాలావరకు ఒక్క డాక్టరమ్మ దగ్గర్నుంచే. రెండు వీధుల అవతల క్లినిక్కు. వయసులో ఆయనకంటే పదేళ్ళు చిన్న. మనిషి మంచిదే గాని కోపం ముక్కు మీదే ఉంటుంది. నచ్చని పని తిప్పి పంపుతూ డబ్బాలో ఒక చీటీ పెడుతుంది. ఇరవై రెండేళ్ళుగా చీటీలో రాత ఒక్కటే: "మరీ వరసగా ఉన్నాయి. సహజంగా లేవు. మళ్ళీ చెయ్యండి." సహజం అంటే ఎలా ఉంటుందో ఏ చీటీలోనూ ఉండదు. ఆయన మళ్ళీ మైనం కరిగించి, ఒక పన్నును కొంచెం వంచి, ఇంకోదాన్ని కాస్త లోపలికి నెట్టి, తిట్టుకుంటూ పంపించేవాడు.

ఇక దొర సంగతి. దొర అంటే కుక్క. మీగడరంగు ల్యాబ్రడారు, ఐదేళ్ళవాడు. పళ్ళాయనకు తన వంశంలో తాత పేరు వరకే తెలుసు, ఆపైన ఎవరో తెలియదు. దొరకు మాత్రం ఐదు తరాల పేర్లు, ఏ ముత్తాత ఏ పోటీలో నెగ్గాడో వివరాలతో సహా, ముద్ర వేసిన కాగితం ఉంది. "ఈ ఇంట్లో వంశం ఉన్నవాడు వాడొక్కడే, మనం ఏదో వాడి పనివాళ్ళం" అనేది ఆయన భార్య. ఆమె ఆసుపత్రి లాండ్రీలో పని చేస్తుంది. రోజంతా దుప్పట్లు ఉతికి ఆరేసి మడతపెట్టి, ఇంటికి రాగానే చెప్పులైనా విప్పకుండా ముందు దొర పక్కన చతికిలబడుతుంది. మొగుడు మంచినీళ్ళడిగితే మాత్రం, కుండ ఎక్కడుందో మీకు తెలియదా అంటుంది.

ఆ బుధవారం మధ్యాహ్నం డాక్టరమ్మ స్వయంగా వచ్చింది. ఒక పంటి తొడుగు అర్జంటుగా కావాలి. ఆయన దానికి మెరుగుపెడుతుంటే ఆవిడ స్టూలు మీద కూర్చుంది. బల్ల కింద పడుకున్న దొర లేచి వచ్చి ఆవిడ మోకాలి మీద గడ్డం ఆనించాడు. పళ్ళ డాక్టరు చేతులు ఊరుకోవు కదా. ఆవిడ దొర పెదవి ఎత్తింది. తర్వాత నోరు మూయించి పక్కనుంచి చూసింది. కళ్ళజోడు పైకి తోసుకుని ఇంకోసారి చూసింది.

"అబ్బ! ఇలా వచ్చి చూడండి," అంది. "కింది కోర పైకోరకు ముందు ఎంత చక్కగా కూర్చుందో! రెండువైపులా ఒక్కలాగే ఉన్నాయి గాని, గీత గీసినట్టు లేవు. సహజం అంటే ఇదీ. ఇన్నేళ్ళుగా మీకు చీటీలు రాస్తున్నది దీని గురించే. మీ కాళ్ళ దగ్గరే పడుకుని ఉంది, మీకే కనబళ్ళేదు!"

పళ్ళాయన చేతిలో తొడుగు ఆగిపోయింది. ఆ రెండు కోరలు కూర్చున్న తీరు సహజమైంది కాదు, అది ఆయన చేతిపని. చెప్పెయ్యాలని నోటిదాకా వచ్చింది. కాని ఆ మాట ఎంత తీపిగా ఉందంటే, ఇంకొక్క నిమిషం దాన్ని అలాగే చప్పరించాలనిపించింది. మీసాల్లో నవ్వుకుని ఊరుకున్నాడు. ఆయన చేసిన తప్పేదైనా ఉందంటే ఆ ఒక్క నిమిషమే.

ఎందుకంటే ఆవిడ వెంటనే ఇలా అంది: "మా ఇంట్లో ఆడ ల్యాబ్రడారు ఎదకొచ్చింది. ఆదివారానికి పన్నెండో రోజు. దానికి తగిన జత కోసం నెల్లాళ్ళుగా వెతుకుతున్నాను. మీ దొరతో క్రాసింగ్ చేయిద్దాం. ఇలాంటి నోరు నాకు మళ్ళీ దొరకదు."

సరిగ్గా అప్పుడే ఆయన భార్య డ్యూటీ దిగి గుమ్మంలోకి వచ్చింది. డాక్టరమ్మ ఆమె వైపు తిరిగింది. "మొదటి పిల్ల మీదేనమ్మా. ఈతలో మీకు ఏది నచ్చితే అది తీసుకోండి."

ఆమె దగ్గర జవాబు ముందే సిద్ధంగా ఉన్నట్టుంది. "మేమెందుకు కాదంటాం మేడమ్!" అంది.

అసలు జరిగింది ఇదీ. ఐదేళ్ళ క్రితం ఆ కుక్కపిల్లను వాళ్ళకు ఇచ్చినాయన కుక్కల్ని పెంచి అమ్మే మనిషి. పళ్ళలో తేడా ఉంది, పోటీలకు పనికిరాడు, ఇంట్లో పెంచుకోండని కాగితంతో సహా చేతిలో పెట్టాడు. ఆరో నెలలో పాలపళ్ళూడి అసలు పళ్ళు వచ్చాక ఆ తేడా ఏమిటో తెలిసింది. కింది కోరలు పక్కకు వాలకుండా నిటారుగా పెరిగి, నోరు మూసినప్పుడల్లా అంగిట్లో దిగబడుతున్నాయి. పిల్ల గిన్నె దాకా పరుగెత్తుకొచ్చేది, ఒక్క ముద్ద నోట పట్టేది, కుయ్యిమని వెనక్కి పోయేది. మళ్ళీ ఆకలి, మళ్ళీ పరుగు, మళ్ళీ ఏడుపు. పశువుల డాక్టరు చూసి, కోరలు పీకెయ్యాలి, లేదా సగానికి కోసెయ్యాలి అన్నాడు. పళ్ళాయన, నాకో వారం ఇవ్వండని అడిగాడు. మత్తిచ్చినప్పుడు అచ్చు తీసుకుని ఇంటికొచ్చి, మనుషులకు కట్టే పళ్ళన్నీ పక్కన పడేసి, నాలుగు రోజులు అదే పని మీద కూర్చున్నాడు. పైకోరలకు అతికించే చిన్న ప్లేటు ఒకటి చేశాడు, రెండు పక్కలా వాలు పెట్టి. నోరు మూసినప్పుడల్లా కింది కోరలు ఆ వాలు మీద జారి, రోజుకింత రోజుకింత బయటికి జరగాలి. ఏడు వారాల్లో జరిగాయి. ప్లేటు తీసేసిన రోజు దొర గిన్నెడు తిండి తిని, గిన్నె కూడా కొరికాడు. ఆ పశువుల డాక్టరు తర్వాత బదిలీ అయిపోయాడు. సంగతి మొగుడూ పెళ్ళాల మధ్యే ఉండిపోయింది.

గురువారం పొద్దున పళ్ళాయన పెళ్ళాం దగ్గర నీళ్ళు నమిలాడు.

"మనం ఆవిడకి చెప్పాలి కదా."

"ఏమని?"

"పళ్ళ సంగతి. పిల్లలకి రావచ్చు."

ఆమె దొర చెవులు తుడుస్తోంది. తల ఎత్తలేదు. "రావచ్చు. రాకపోవచ్చు కూడా. అన్నిటికీ రావాలని ఏమన్నా రాసిపెట్టుందా?"

"వస్తే?"

"వస్తే మీరు లేరూ? వీడికి చేసినట్టే వాటికీ చేస్తారు."

దానికి ఆయన దగ్గర జవాబు లేక కాదు. ఎనిమిది పిల్లలు పుడితే ఎనిమిది ఇళ్ళకు పోతాయి, వాటి నోళ్ళు ఎవరు తెరిచి చూస్తారు? పైగా ఆయన కంటిచూపు అప్పటిలా లేదు. ఈమధ్య బల్ల మీద రెండు దీపాలు పెట్టుకున్నా చాలడం లేదు. కాని ఆమె మొహం చూసి ఆ మాటలన్నీ మింగేశాడు. దొరకు ఐదేళ్ళు నిండిన దగ్గర్నుంచి ఆమె లెక్కలు వేస్తోందని ఆయనకు తెలుసు. ఈ జాతివి పదేళ్ళు, బాగుంటే పన్నెండు. వీధిలో ఎవరిదో ముసలికుక్క పోయిందని తెలిసిన నాడు ఆమె పనికి పోలేదు. కడుపునొప్పి అంది. ఆ రోజంతా దొరను వదల్లేదు.

"వీడు పోయాక ఇంట్లో వీడి నడక నడిచేది ఒకటుండాలండీ," అంది ఆమె, ఈసారి తలెత్తి. "అంతకన్నా నేనేం అడగడం లేదు."

ఆ రోజు నుంచి పళ్ళాయనకు ఒక చోట కాలు నిలవలేదు. బల్ల ముందు కూర్చుంటాడు, లేస్తాడు. మైనం కరగపెడతాడు, గడ్డకట్టేదాకా కిటికీ దగ్గర నిలబడతాడు. పొద్దునా సాయంత్రం తిప్పే కుక్కను రోజుకు ఐదుసార్లు తిప్పాడు. మూడో రోజుకు గొలుసు చప్పుడు వినబడగానే దొర మంచం కిందికి దూరిపోవడం మొదలుపెట్టాడు. శుక్రవారం ఒక పెద్దాయన పైవరస డబ్బా తిరిగొచ్చింది. ఈసారి చీటీలో రాత మారింది: "ఎడమ కోర కుడివైపు ఉంది. ఒంట్లో బాగుందా?" ముప్ఫై నాలుగేళ్ళలో ఆయన అలాంటి పొరపాటు ఎప్పుడూ చెయ్యలేదు. చీటీ చదివి, ఉన్నపళాన లేచి పాత నంబరు వెతికి ఫోను చేశాడు.

కుక్కలు అమ్మే ఆయన వెంటనే గుర్తుపట్టాడు. "ఆ మీగడరంగువాడేగా? బాగున్నాడా?"

"బాగున్నాడు. వాడితోపాటు పుట్టినవాటి సంగతి కనుక్కుందామని..."

"ఏడు పుట్టాయి సార్. మూడింటికి నోరు అదే తీరు. దాంతో ఆ తల్లిని మళ్ళీ కట్టించడం మానేశాను."

"మీ దగ్గర్నుంచి వెళ్ళిన మిగతా రెండూ?"

"ఒకదానికి కోరలు పీకించారు, బతుకుతోంది. రెండోదాన్ని తీసుకున్నవాళ్ళు, దానికి తిండి సయించడం లేదనుకున్నారు. రకరకాల తిండ్లు మార్చి మార్చి పెట్టారంట. నోరు తెరిచి చూడాలని ఎవరికీ తోచలేదు సార్. నాకు ఫోను చేసేసరికే లేదు."

పళ్ళాయన ఫోను పెట్టేసి గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచాడు. ఆకలి లేక కాదు ఆ పిల్ల తిననిది. గిన్నె దాకా పరుగెత్తుకొచ్చి ఉంటుంది, దొర వచ్చినట్టే. ఆ సంగతి భార్యకు సాయంత్రం చెప్పాడు. ఆమె వింది. చాలాసేపు దుప్పటి అంచులు కలుపుతూ, మడతపెట్టినదాన్నే విప్పి మళ్ళీ మడతపెట్టింది. చివరికి, "ఆదివారం నేను కూడా వస్తాను," అని మాత్రం అంది. ఏం చెయ్యమంటుందో చెప్పలేదు. ఆయన అడిగే ధైర్యం చెయ్యలేదు.

శనివారం ఆయన అటకెక్కి దుమ్ములోంచి ఒక పొట్లం దించాడు. అందులో ఆరునెలల దొర దవడల ప్లాస్టరు అచ్చు, ప్లేటు పెట్టకముందు తీసింది, ఉంది. ఎందుకు దాచాడో ఆయనకే తెలియదు. డాక్టర్లైతే చేసిన వైద్యానికి ఫోటోలు తీసి గోడకు తగిలించుకుంటారు. ఈయనకున్న గోడ అటకే. పొట్లాన్ని చేతిసంచిలో పెట్టాడు. గంటకు తీసేశాడు. మళ్ళీ పెట్టాడు. నిజం చెప్తే డాక్టరమ్మకు కోపం రావచ్చు, పని రాకపోవచ్చు, అవేవీ ఆయన్ని అంతగా తిప్పలు పెట్టలేదు. ఇంట్లో తన భార్య ఏడేళ్ళ తర్వాత ఖాళీ గిన్నె ముందు కూర్చోవడం ఒక పక్క, ఎవరిదో తెలియని ఇంట్లో ఒక పిల్ల నిండు గిన్నె ముందు కూర్చోవడం ఒక పక్క. రెండూ కళ్ళకు కడుతుంటే ఏది చూడనని కళ్ళు మూసుకుంటాడు?

ఆదివారం పదింటికి ముగ్గురూ బయల్దేరారు. భార్య దొరకు స్నానం చేయించి, దువ్వి, మెడకు కొత్త పట్టీ కట్టింది. దారిపొడుగునా దొర ఒక్కడే హుషారుగా ఉన్నాడు. డాక్టరమ్మ ఇల్లు దగ్గరపడే కొద్దీ ముక్కు పైకెత్తి గొలుసు లాగాడు. పెళ్ళికొడుకుకు ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

పెరట్లో ఎత్తయిన ప్రహరీ నీడలో గోనెపట్టా పరిచి ఉంది. తలుపు వెనకాల ఆడకుక్క గీకుతోంది. డాక్టరమ్మ మంచి సరదాగా ఉంది. చేతిలో కాగితం కూడా ఉంది.

"పిల్లలు పుట్టకముందే అందరూ రాయించేసుకున్నారు," అంది. "మా ఆడపడుచుకొకటి. మా నర్సమ్మకొకటి. మా పైవాటాలో ఒంటరిగా ఉండే పెద్దావిడకొకటి. ఆవిడైతే మూడుసార్లు అడిగింది, ఆరోగ్యంగా ఉంటాయా, ఏ జబ్బులూ రావు కదా అని. తండ్రి నోరు నేను స్వయంగా చూశాను, పళ్ళ విషయంలో పూచీ నాదీ అన్నాను. పళ్ళ డాక్టరే మాటిచ్చాక ఇంకేముంది!"

పళ్ళాయన భార్య వైపు చూశాడు. ఆమె దొర వీపు మీద చెయ్యి వేసి నేల వైపు చూస్తోంది. డాక్టరమ్మ తలుపు గడియ మీద చెయ్యి వేసింది.

"మేడమ్, ఆగండి," అన్నాడాయన. "ఆ పలువరస వాడిది కాదు. నేను చేసింది."

సంచిలోంచి పొట్లం తీసి విప్పి చూపించాడు. డాక్టరమ్మ ఆ అచ్చు అందుకుని, పైదవడ కిందిదవడ మీద పెట్టి మూసింది. కోరలు అంగిట్లో ఎక్కడ దిగాయో ప్లాస్టరులో రెండు గుంటలు కనబడుతూనే ఉన్నాయి. ఆవిడ వెంటనే వంగి దొర నోరు తెరిచింది. మూసింది. మళ్ళీ తెరిచింది. ఆయన ప్లేటు సంగతీ, వాలు సంగతీ, ఏడు వారాల సంగతీ, ఫోనులో విన్న రెండో పిల్ల సంగతీ వరసగా చెప్పుకుపోయాడు. బుధవారమే చెప్పాల్సిందనీ, మీరు మెచ్చుకుంటే నోరు పెగల్లేదనీ కూడా చెప్పాడు.

తిడుతుందనుకున్నాడు. ఆవిడ గోనెపట్టా మీద కూర్చుండిపోయింది. చేతిలోని కాగితాన్ని రెండుగా, నాలుగుగా మడిచింది.

"అయితే క్రాసింగ్ వద్దు," అంది. "అంతే కదా."

"అంతేనమ్మా."

"నన్ను కూడా మోసం చేసిందయ్యా మీ పని. నన్ను!" ఆవిడ గొంతులో కోపమో, మరేదో ఆయనకు తెలియలేదు. "ఇంత చెయ్యగలిగినవాళ్ళు ఇరవై రెండేళ్ళుగా నా పేషెంట్లకి ఎందుకు చెయ్యలేదు?"

ఆ ప్రశ్నకు ఆయన సిద్ధపడి రాలేదు.

"మీ పేషెంట్లని నేనెప్పుడూ చూళ్ళేదు మేడమ్. నాకు వచ్చేది ప్లాస్టరే. నేను కుదిర్చిన పళ్ళతో ఎవరైనా ఒక ముద్ద నమిలి మింగుతుంటే ఈ జన్మకి నేను చూసింది వీడొక్కణ్ణే."

తలుపు వెనకాల గీకుడు ఆగలేదు. దొర అటూ ఇటూ చూసి, ఏమీ జరిగేలా లేదని కుయ్యిమన్నాడు.

అప్పుడు ఆయన భార్య నోరు విప్పింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, వాటిని తుడుచుకునే ఓపిక కూడా లేదు. మాట మాత్రం దెబ్బలాటకొచ్చినట్టే వచ్చింది.

"ఆయనొక్కడే చేసినట్టు చెప్తున్నాడు చూడండి మేడమ్. ఆ ప్లేటులో తిండి ఇరుక్కుని కుళ్ళిపోకుండా ఏడు వారాలు, పూటపూటా, వీణ్ణి ఒళ్ళో వేసుకుని సిరంజితో నీళ్ళు కొట్టి కడిగింది నేను. వీడు నా చెయ్యి ఎన్నిసార్లు కరిచాడో ఆయనకేం తెలుసు?"

"నాకు తెలుసు," అన్నాడు పళ్ళాయన.

"తెలిస్తే చెప్పాలిగా," అంది ఆమె.

తిరిగి వచ్చేటప్పుడు దొరను లాక్కురావాల్సి వచ్చింది. వీధి మలుపు దాకా వాడు వెనక్కే చూశాడు. మలుపు దగ్గర ఆమె ఆగి, కొత్త పట్టీ బిగుతుగా ఉందని ఒక చిల్లు వదులు చేసింది. ఆయన పక్కనే నిలబడ్డాడు, ఏమంటుందోనని.

"ఇంక మనకి వీడొక్కడే కదండీ," అంది.

"వీడొక్కడే."

ఆమె ఆయన చేతిలోంచి గొలుసు తీసుకుంది. ఇంటి దారి పట్టకుండా, పొడుగు దారిన పడి ముందు నడిచింది.